మలద్వారం లేకుండా పుట్టిన శిశువు: మూత్రమార్గంలోకి తెరుచుకున్న పేగును గుర్తించే క్రమం, చికిత్స

బిడ్డను తుడిచి, బరువు తూచి తల్లి పక్కన పడుకోబెట్టే ముందు, కాళ్లు రెండూ పైకెత్తి పిరుదుల మధ్య భాగాన్ని మంచి వెలుతురులో చూడటం పురుడు పోసే ప్రతిచోటా తప్పనిసరిగా జరగవలసిన పని. సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి మలద్వారం ఉండవలసిన చోట ఉండదు, లేదా సన్నని రంధ్రంగా మరోచోట తెరుచుకుంటుంది. మగబిడ్డల్లో ఎక్కువమందికి మలాశయం కింద మూసుకుపోయి, ఫిస్టులా అనే సన్నని దారి గుండా మూత్రనాళంలోకి గానీ, అరుదుగా మూత్రాశయపు మెడలోకి గానీ తెరుచుకుని ఉంటుంది. ఆ దారి ఎక్కడ కలుస్తోందో తేల్చుకోవడమే ఈ చికిత్సకు ఆయువుపట్టు. కొలాస్టమీ (పెద్దపేగును పొట్ట మీదికి తెరిచి మలానికి తాత్కాలికంగా దారి చేయడం) ఎందుకు, ఎక్కడ పెట్టాలి, పెద్ద ఆపరేషన్ వెనుక నుంచి చేయాలా, పొట్ట వైపు నుంచి చేయాలా, పెద్దయ్యాక మల నియంత్రణ ఎంతవరకు వస్తుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే ఉంది.

పాడేరు, అరకు, నర్సీపట్నం వైపు పుట్టే బిడ్డలను ముందుగా చూసేది అక్కడి స్టాఫ్ నర్సు, మెడికల్ ఆఫీసరే గనుక మొదటి రోజు పని గురించి కొంత వివరంగా చెప్పాలి. మలద్వారం లేదని తెలిసిన వెంటనే పాలు పట్టడం ఆపి, నోటి ద్వారా కడుపులోకి ట్యూబు వేసి, సెలైన్ ఎక్కించాలి. ఆ ట్యూబు కడుపులోకి దిగకుండా మధ్యలో ఆగిపోతే అన్నవాహిక కూడా మూసుకుపోయి ఉండవచ్చు కాబట్టి, ఆ సంగతి రిఫరల్ కాగితం మీద స్పష్టంగా రాయాలి. విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఘాట్ రోడ్డు దిగే గంటల్లో బిడ్డ ఒళ్లు చల్లబడితే ఆపరేషన్‌కు ముందే సగం ప్రమాదం వచ్చి పడినట్లే గనుక, తల్లి గుండెలకు ఆనించి, తలకు టోపీ పెట్టి 108లో పంపాలి. విరేచనం కాలేదని ఇంట్లో పెద్దవాళ్లు ఆముదం చుక్క నాకించడం ఇంకా అక్కడక్కడా ఉంది. పేగుకు దారే లేని బిడ్డకు అది వాంతిని, ఊపిరితిత్తుల్లోకి పొరపోయే ప్రమాదాన్ని పెంచుతుందే తప్ప మరేమీ చేయదు.

బిడ్డ విశాఖపట్నం చేరిన తర్వాత కుటుంబం అడిగే మొదటి ప్రశ్న, ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు చేయడం లేదు అని. సుమారు 16 నుంచి 24 గంటలు ఆగడం నిర్లక్ష్యం కాదు, అది రోగనిర్ధారణలో భాగం. పేగులోకి గాలి చేరి, లోపల ఒత్తిడి పెరిగితే తప్ప తొలిమలం ఆ సన్నని దారి గుండా బయటికి రాదు. ఈ వ్యవధిలో పురుషాంగం కొసన తెల్లటి గాజుగుడ్డ ముక్క ఉంచి, ప్రతి మూత్రవిసర్జన తర్వాత దాన్ని చూస్తారు. గుడ్డ మీద ముదురాకుపచ్చ మరక గానీ, నల్లటి నలుసులు గానీ కనిపిస్తే మూత్రమార్గంలోకి ఫిస్టులా ఉన్నట్లు రుజువైనట్లే. అందుకు భిన్నంగా మలద్వారం ఉండవలసిన గుంట దగ్గరో, వృషణాల సంచి మధ్య గీత వెంటో చుక్కంత మలం కనిపిస్తే అది చర్మం మీదికే తెరుచుకున్న తక్కువ స్థాయి లోపం. అటువంటి బిడ్డకు కొలాస్టమీ లేకుండానే సరిచేసే వీలుంటుంది. పిరుదుల మధ్య గీత లేకుండా చదునుగా ఉన్నా, మలద్వారపు గుంట ఆనవాలు లేకపోయినా పేగు చాలా పైననే ఆగిపోయి ఉంటుందని అనుభవం ఉన్న కన్ను ముందే ఊహిస్తుంది.

ఈలోగా ఇతర అవయవాల పరీక్షలు పూర్తి చేయాలి, ఎందుకంటే ఈ లోపం ఒంటరిగా రావడం తక్కువ. వెన్నెముక, గుండె, అన్నవాహిక, మూత్రపిండాలు, చేతి ఎముకల లోపాలు దీనితో జంటగా వస్తాయి. సుమారు మూడోవంతు మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది గనుక ఎకో (గుండె అల్ట్రాసౌండ్), మూత్రపిండాలు ఉబ్బి ఉన్నాయేమో చూడటానికి పొట్ట అల్ట్రాసౌండ్ తప్పనిసరి. వెన్నుపాము కింద అతుక్కుని ఉందేమో అల్ట్రాసౌండ్‌లో కనిపించేది మొదటి మూడు నెలల్లోనే. ఆ తర్వాత ఎముక గట్టిపడుతుంది కాబట్టి ఎంఆర్ఐ చేయించక తప్పదు. త్రికాస్థి (వెన్నెముక అడుగున తుంటి మధ్య ఉండే ఎముక) ఎంత ఎదిగిందో ఎక్స్‌రేలో కొలిచి ఒక నిష్పత్తిగా రాసిపెట్టుకోవాలి. అది 0.7 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ముందుముందు మల నియంత్రణ వస్తుందని ఆశించవచ్చు, 0.4 కంటే తక్కువైతే తల్లిదండ్రులకు నిజం మొదట్లోనే చెప్పడం మంచిది.

రోజు గడిచినా ఎక్కడా మలం కనిపించకపోతే, బిడ్డను బోర్లా పడుకోబెట్టి తుంటి కింద చిన్న దిండు పెట్టి, మలద్వారపు గుంట మీద ఎక్స్‌రేలో కనిపించే గుర్తు అంటించి పక్క నుంచి ఎక్స్‌రే తీస్తారు. పూర్వం బిడ్డను తలకిందులుగా పట్టుకుని తీసేవారు. 1930లో మొదలైన ఆ పద్ధతి బిడ్డకు హింస తప్ప, బోర్లా తీసిన ఫిల్మ్ కంటే అదనంగా ఏమీ చెప్పదు. గాలి నిండిన పేగు కొసకు, గుర్తుకు మధ్య దూరం ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ ఉన్నా, మూత్రాశయంలో గాలి కనిపించినా, మూత్రంలో మలం వచ్చినా కొలాస్టమీయే సురక్షితమైన దారి. కొందరు నేర్పరులైన సర్జన్లు నవజాత దశలోనే పూర్తి ఆపరేషన్ చేస్తారన్నది నిజమే. అయితే ఫిస్టులా ఎక్కడుందో తెలియకుండా వెనుక నుంచి వెతుక్కుంటూ పోయినప్పుడు మూత్రనాళం, వీర్యనాళాలు, మూత్రపిండాల నుంచి దిగే నాళాలు దెబ్బతినే ముప్పుంది, ఆ నష్టం జీవితాంతం తీరేది కాదు.

కొలాస్టమీని ఎడమవైపు, పెద్దపేగు దిగుతూ వంపు తిరిగే చోట పెట్టి, రెండు నోళ్లనూ వేరు చేయాలి. పై నోటి నుంచి మలం సంచిలోకి వస్తుంది, కింది నోరు పరీక్షకు పనికివస్తుంది. రెండు నోళ్లూ పక్కపక్కనే కలిసి ఉంటే మలం కింది పేగులోకి పొర్లి, ఫిస్టులా గుండా మూత్రంలో చేరి ఇన్ఫెక్షన్ తెస్తూనే ఉంటుంది. మరీ పైన, అడ్డంగా ఉండే పేగు మీద పెడితే ఫిస్టులా గుండా వచ్చిన మూత్రం పొడవైన కింది పేగులో నిలిచి ఒంట్లోకి ఇంకి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. మరీ కింద పెడితే రేపు మలాశయాన్ని కిందికి లాగి కుట్టడానికి పేగు పొడవు చాలదు. సముద్రపు గాలి తేమకు, చెమటకు విశాఖలో సంచి అంటు తొందరగా ఊడిపోతుందని చాలామంది తల్లులు చెబుతారు. చర్మాన్ని గోరువెచ్చని నీటితో తుడిచి పూర్తిగా ఆరనిచ్చిన తర్వాతే కొత్త సంచి అంటించాలి. సంచి దొరకని రోజున మెత్తని నూలుగుడ్డ మడత పెట్టి, చుట్టూ జింక్ ఆక్సైడ్ లేపనం రాసినా సరిపోతుంది. బయటికి వచ్చిన పేగు ఎర్రగా, తడిగా ఉన్నంతవరకు భయం లేదు గానీ, నల్లబడినా, హఠాత్తుగా చాలా పొడవు జారినా అదే గంటలో ఆసుపత్రికి చేరాలి.

నాలుగైదు వారాల తర్వాత చేసే డిస్టల్ కొలాస్టోగ్రామ్ ఈ మొత్తం క్రమంలో అతి ముఖ్యమైన పరీక్ష, అందరూ తేలిగ్గా తీసుకునేది కూడా ఇదే. కింది నోట్లోకి చిన్న ఫోలే క్యాథెటర్ (కొసన బెలూన్ ఉండే సన్నని గొట్టం) పంపి, దాని బెలూన్ కొద్దిగా ఉబ్బించి, మందు వెనక్కి కారకుండా బిగించి పట్టుకుని, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే, నీటిలో కరిగే కాంట్రాస్ట్ మందును సిరంజితో చేతి ఒత్తిడిపై నింపుతారు. బేరియం వాడకూడదు. బిడ్డను పూర్తిగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఫిల్మ్‌లో త్రికాస్థి, తోక ఎముక, మలద్వారపు గుంట మీది గుర్తు మూడూ పడాలి. మలాశయం కొసను చుట్టూ కండరాలు బిగించి ఉంచుతాయి గనుక మందు మొదట ఆ కండరాల పైన చదునైన గీతలా ఆగిపోతుంది. అక్కడితో ఆపేసినవారు ఫిస్టులా లేదని, పేగు చాలా పైన ఉందని రిపోర్టు రాస్తారు, ఆ రిపోర్టును నమ్మిన సర్జన్ అనవసరంగా పొట్ట తెరుస్తాడు. ఒత్తిడి తగ్గించకుండా ఇంకా నింపితే కండరం సడలి, మలాశయం గుండ్రంగా కిందికి దిగి, కొస నుంచి పక్షి ముక్కులా సన్నని దారి ముందుకు సాగి మూత్రనాళాన్ని తాకుతుంది. బిడ్డ మూత్రం పోసే క్షణంలో మూత్రనాళం మొత్తం తెల్లగా వెలుగుతుంది. ఆ క్షణం ఫిల్మ్ మీద పడేవరకు పరీక్ష పూర్తయినట్లు కాదు. ఈ ఫిల్మ్‌ను రిపోర్టు కాగితంతో పాటు కుటుంబం దగ్గరే భద్రపరచుకోవాలి.

ఫిస్టులా మూత్రనాళంలో కిందివైపున్న బల్బార్ భాగంలోనో, దానికి పైన ప్రోస్టేట్ గ్రంథి దగ్గరో ఉంటే వెనుక నుంచి చేసే ఆపరేషన్ సరిపోతుంది. దీన్ని డీవ్రీస్, పెన్యా అనే సర్జన్లు 1982లో ప్రచురించారు. మూత్రనాళంలో క్యాథెటర్ పెట్టి, బిడ్డను బోర్లా ఉంచి, సరిగ్గా మధ్య గీత వెంట కోసి, విద్యుత్ స్టిమ్యులేటర్‌తో కండరాల హద్దులు చూసుకుంటూ మలాశయాన్ని తెరిచి, లోపలి నుంచే ఫిస్టులా నోటిని కనుగొంటారు. మలాశయపు ముందు గోడ, మూత్రనాళపు వెనుక గోడ అక్కడ దాదాపు ఒకటే పొరగా కలిసి ఉంటాయి, వాటిని విడదీయడమే ఆపరేషన్‌లో అతి సున్నితమైన ఘట్టం. మూత్రాశయపు మెడ దగ్గర కలిసే ఫిస్టులా మాత్రం వెనుక నుంచి కనిపించదు కాబట్టి లాపరోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) గానీ, పొట్ట వైపు నుంచి గానీ విడదీయాలి. లాపరోస్కోపీని అన్నిటికీ వాడటం సరికాదు; కిందనున్న బల్బార్ ఫిస్టులాను పై నుంచి విడదీయబోతే మలాశయపు ముక్క మూత్రనాళం వెనుక సంచిలా మిగిలిపోతుంది. ఆపరేషన్ తర్వాత క్యాథెటర్ సుమారు వారం రోజులు ఉంటుంది. అది ప్రమాదవశాత్తు ఊడిపోతే వార్డులో ఎవరూ తిరిగి తోసే ప్రయత్నం చేయకూడదు, సర్జన్‌ను పిలవాలి.

ఆడబిడ్డల్లో మలద్వారం యోని ముంగిట తెరుచుకోవడమే ఎక్కువ, మూత్రమార్గంతో కలవడం అరుదు. మూత్రానికి, యోనికి, మలానికి కలిపి ఒకే రంధ్రం కనిపిస్తే అది క్లోయకా. పొట్ట కింది భాగంలో గడ్డలా తగిలితే యోనిలో ద్రవం నిలిచి మూత్రపిండాలను నొక్కుతున్నట్లే గనుక, కొలాస్టమీతో పాటు ఆ ద్రవాన్ని కూడా బయటికి తీయాలి. క్లోయకాకు పూర్తి శస్త్రచికిత్స ఆ అనుభవం ఉన్న కేంద్రంలోనే జరగాలి.

ఆపరేషన్ జరిగిన రెండు వారాలకు కొత్త మలద్వారాన్ని సాగదీసే పని మొదలవుతుంది, తర్వాత అది ఇంట్లో తల్లిదండ్రుల చేతికి వస్తుంది. మొదటి కొలత సర్జన్ చూపిస్తారు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు ఆనేలా మడిచి పట్టుకుని, జెల్లీ రాసిన హెగార్ డైలేటర్‌ను (సాగదీసేందుకు వాడే నున్నని లోహపు కడ్డీని) ఉదయం, సాయంత్రం నెమ్మదిగా లోపలికి పంపాలి. వారానికి ఒక కొలత చొప్పున పెంచుతూ, నాలుగు నెలల లోపు బిడ్డకు 12, ఎనిమిది నెలలకు 13, ఏడాదికి 14 మిల్లీమీటర్ల వరకు చేరుకుంటారు. ఆ కొలత అందిన తర్వాత కొలాస్టమీ మూసేస్తారు, సాగదీయడం మాత్రం క్రమంగా తగ్గిస్తూ నెలల తరబడి కొనసాగాలి. బిడ్డ ఏడుస్తోందని నాయనమ్మ, అమ్మమ్మ జాలిపడి మానిపించిన ఇళ్లలో మచ్చ బిగిసి, మళ్లీ కోయవలసి వస్తుంది. కొలాస్టమీ మూసిన కొత్తలో రోజుకు చాలాసార్లు విరేచనమై పిరుదులు ఒరుసుకుపోతాయి కాబట్టి లేపనం ముందే కొని ఉంచుకోవాలి.

విశాఖలోని ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది, ఈ దశలవారీ ఆపరేషన్లు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలోకి వస్తాయి. ఒక్కో దశకు అనుమతి వేరుగా తీసుకోవలసి ఉంటుంది గనుక రేషన్ కార్డు, తల్లి ఆధార్, పాత డిశ్చార్జి కాగితాలు ప్రతిసారీ వెంట ఉండాలి.

కొలాస్టమీ మూసిన తర్వాత ఎక్కువ బాధపెట్టేది మలబద్ధకం. ఫిస్టులా ఎంత కింద ఉంటే నియంత్రణ అంత బాగా వస్తుంది, అయితే మలబద్ధకం కూడా అంతే ఎక్కువగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే మలాశయం ఉబ్బి, నిండిన మలం పక్కల నుంచి కారి, నియంత్రణ రాలేదన్న భ్రమ కలిగిస్తుంది. మూత్రాశయపు మెడ దగ్గర కలిసిన పిల్లల్లో సొంత నియంత్రణ వచ్చేవారు కొద్దిమందే. అటువంటి బిడ్డను బడిలో చేర్చే వయసుకు ముందే రోజూ ఒక వేళకు ఎనిమా ఇచ్చి పేగు శుభ్రం చేసే పద్ధతిని అలవాటు చేస్తే, బట్టలు పాడవకుండా తోటి పిల్లల మధ్య కూర్చోగలుగుతుంది. వీటితో పాటు, కారణం తెలియకుండా జ్వరం వచ్చిన ప్రతిసారీ, జలుబు జ్వరమేనని సిరప్ పోసే ముందు మూత్ర పరీక్ష, కల్చర్ చేయించాలి. మలం గాడిలో పడిందని మూత్రపిండాల అల్ట్రాసౌండ్ మానకూడదు.