చిప్ లేఅవుట్ స్క్రిప్టులో ఆఫ్-గ్రిడ్ ఎర్రర్లు వస్తున్నాయా, ఇలా చేసి చూడండి

స్కిల్‌లోనో (కేడెన్స్ టూల్ భాష) కేలేఅవుట్ (చిప్ లేఅవుట్ గీసే టూల్) పైథాన్‌లోనో ఫింగర్లు (ట్రాన్సిస్టర్ గేట్ పట్టీలు), వయాలు (మెటల్ పొరల్ని కలిపే కనెక్షన్లు) గీసే స్క్రిప్ట్ రాస్తాం, చూడ్డానికి అంతా బానే ఉంటుంది, డీఆర్‌సీ (డిజైన్ రూల్ చెక్) రన్ చేస్తే మాత్రం వందల్లో ఆఫ్-గ్రిడ్ ఎర్రర్లు, అంటే ఆకారాల అంచులు గ్రిడ్ మీద పడలేదని, వాటిని చేత్తో జరుపుతూ కూర్చుంటే సాయంత్రం అయిపోద్ది.

చేయాల్సింది చిన్న పనే. స్క్రిప్ట్ మొదట్లో స్నాప్ అని ఒక ఫంక్షన్ పెట్టుకోండి: వచ్చిన నంబర్‌ని గ్రిడ్‌తో భాగించి, రౌండ్ చేసి, మళ్ళీ గ్రిడ్‌తో గుణించాలి, అంతే. గ్రిడ్ 0.005 మైక్రాన్లు అనుకోండి, 1 మైక్రాన్‌ని మూడు భాగాలు చేస్తే 0.3333 వస్తుంది కదా, అది 0.335 అవుతుంది. గ్రిడ్ విలువ మీ పీడీకే (ఫౌండ్రీ ఇచ్చే డిజైన్ కిట్) మాన్యువల్లో చూసి పెట్టుకోండి, అన్నిట్లో ఒకటే ఉండదు.

ఇంకోటి, సెంటర్‌ని కాదు, అంచుల్ని స్నాప్ చేయాలి. వెడల్పు 0.065 ఉన్న మెటల్‌ని సెంటర్ సున్నా దగ్గర పెడితే అంచులు 0.0325 దగ్గర పడతాయి, సెంటర్ గ్రిడ్ మీదే ఉన్నా ఎర్రర్ తప్పదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

కరెంట్ మిర్రర్ (కరెంట్‌ని కాపీ చేసే సర్క్యూట్) లాంటి, అచ్చం ఒకేలా ఉండాల్సిన మ్యాచింగ్ డివైజులకి మాత్రం ఇది వాడొద్దు, ఎందుకంటే పైన చెప్పిన 1 మైక్రాన్ లెక్కలోనే గ్యాపులు 0.335, 0.330, 0.335 అని సమానంగా లేకుండా వస్తాయి, అలాంటి చోట పిచ్‌నే (పక్కపక్క వాటి మధ్య దూరం) ముందు గ్రిడ్‌కి సరిపోయేలా 0.335 అనో 0.340 అనో ఎంచుకుని, మొత్తం వెడల్పు కాస్త పెరిగినా పర్లేదనుకోవడమే.