కాన్ఫిగరేషన్ లైబ్రరీ రాద్దాం – 5వ పాఠం: ఫిల్టర్ మింగేసిన సెట్టింగులు

పోయిన పాఠం అభ్యాసంలో చాలామందికి ఒకటే ఇబ్బంది ఎదురైంది. ఫిల్టర్ తగిలించగానే సెట్టింగులు మాయమయ్యాయి, ఎర్రర్ మాత్రం రాలేదు. తప్పు మీది కాదు, నేనిచ్చిన ఇంటర్‌ఫేస్‌ది. ఫైల్ రీలోడ్ సంగతి పక్కనపెట్టి ముందు దీన్ని సరిచేద్దాం.

మన ఫిల్టర్ ఒక మామూలు పైథాన్ ఫంక్షన్. కీని (అంటే సెట్టింగు పేరును), దాని విలువను తీసుకుని కొత్త విలువ ఇస్తుంది. ‘నన్’ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ) ఇస్తే ఆ కీని తీసేయమని అర్థం అన్నాను. కానీ రిటర్న్ లేని ఫంక్షన్ కూడా ‘నన్’నే ఇస్తుంది. పాస్‌వర్డ్ కీ కోసం ‘ఇఫ్’ లోపల రిటర్న్ రాశారు, మిగతా కీలకు రాయలేదు. దాంతో హోస్ట్, పోర్ట్, టైమౌట్ అన్నీ తీసేయమన్నారనుకుంది లైబ్రరీ.

ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు జరిగేవి రాసిపెట్టే పైథాన్ లాగింగ్ మాడ్యూల్‌లోనూ ఈ గుంట ఉంది. పైథాన్ 3.2 నుంచి అక్కడ ఫిల్టర్‌గా ఫంక్షన్ ఇవ్వొచ్చు. అది నచ్చే నేనూ ఫిల్టర్ కోసం క్లాస్ రాయొద్దన్నాను. అక్కడ రిటర్న్ మర్చిపోతే ఆ లాగ్ రికార్డు చప్పుడు లేకుండా పోతుంది. లాగ్‌లో ఒక లైను పోతే పోనీ అనుకోవచ్చు. డేటాబేస్ హోస్ట్ పోతే ప్రోగ్రాం డిఫాల్ట్ విలువ తీసుకుని వేరే సర్వర్‌కి వెళ్ళిపోతుంది.

మార్పు చిన్నదే. మాడ్యూల్ పైభాగంలో ‘తొలగించు’ పేరుతో ఒక ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టండి. కీని తీసేయాలంటే ఫిల్టర్ దాన్నే తిరిగివ్వాలి. అది రాగానే మిగతా ఫిల్టర్లను పిలవకండి. ‘నన్’ వస్తే ఎర్రర్ ఇవ్వండి. మనం చదివేది ఐఎన్‌ఐ ఫైళ్ళు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మాత్రమే, వాటి విలువలన్నీ స్ట్రింగులే కాబట్టి ‘నన్’ రావడానికి వేరే కారణం లేదు. ఎర్రర్‌లో ఫిల్టర్ పేరు, కీ పేరు రాయండి. విలువ రాయొద్దు, అది పాస్‌వర్డ్ కావచ్చు. ఫిల్టర్లుగా లాంబ్డాలు (పేరు పెట్టకుండా రాసే చిన్న ఫంక్షన్లు) నాకు ఇష్టం లేకపోవడానికి కారణం కూడా ఈ ఎర్రరే: ఏ లాంబ్డా తప్పు చేసిందో అందులో తెలియదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ‘తొలగించు’ను ‘ఈజ్’తోనే (రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూసేది) పోల్చండి. ‘ఇఫ్ నాట్ ఫలితం’ అని రాయొద్దు. ప్రాక్సీ వద్దనుకున్నవాళ్ళు ఆ కీ ఎదుట ఖాళీ స్ట్రింగ్ పెడతారు. ‘ఇఫ్ నాట్’కి అది కూడా లేనట్టే లెక్క. స్ట్రింగులను అసలు టైపులోకి మార్చాక కూడా ఇలాగే చూస్తే, మళ్ళీ ప్రయత్నాలు 0 అన్నా, డీబగ్ ఫాల్స్ అన్నా అంతే. ఈ మూడూ యూజర్ ఆలోచించి పెట్టిన విలువలు. ఖాళీగా ఉన్నది వేరు, సున్నా వేరు, అసలు లేనిది వేరు. ఈ ఒక్క లైను కోసం నేను ఒక రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాను. అందుకే ఇంతగా చెబుతున్నాను.

టైపు మార్పిడి, అంటే స్ట్రింగును నంబరుగానో ట్రూ, ఫాల్స్ గానో మార్చడం, ఫిల్టర్లన్నీ అయ్యాకే. ‘ఫాల్స్’ అనే స్ట్రింగ్‌ను నేరుగా ‘బూల్’కి ఇస్తే ‘ట్రూ’ వస్తుంది. కాన్ఫిగ్‌పార్సర్‌లోని గెట్‌బూలియన్ లాగా ట్రూ, ఫాల్స్, 1, 0, ఎస్, నో, ఆన్, ఆఫ్‌లను పోల్చి చూడాలి.

అభ్యాసం: మూడు ఫిల్టర్లు రాయండి. ఒకటి అటూ ఇటూ ఖాళీలు తీసేయాలి. రెండోది డాలర్ గుర్తుతో మొదలైన విలువ బదులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ పెట్టాలి. మూడోది విలువ ఖాళీ అయితే కీని తీసేయాలి. ముందు ఖాళీలున్న డాలర్ విలువ ఒకటి, ఉత్త ఖాళీలే ఉన్న వేరియబుల్‌ను చూపే విలువ ఒకటి తీసుకోండి. ఫిల్టర్లను ఆరు వరుసల్లోనూ నడపండి. నడిపే ముందే ప్రతి వరుసకీ ఏం వస్తుందో కాగితం మీద రాసుకోండి.