ఎంబీఏ ప్రాజెక్టులకు మార్కులు వేసే ముందు

రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ముందే రాసి పిల్లలకు ఇచ్చేయండి, పేపర్లు చూశాక రాస్తే అది మనకు నచ్చినవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా అవుతుంది.

గ్రూప్ ప్రాజెక్టుతో మరీ జాగ్రత్త. ఐదుగురి పేర్లుంటాయి, పని చేసేది ఇద్దరే, కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "ఈ బ్రేక్‌ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని అమ్మకాల స్థాయి) లెక్క ఎలా వచ్చింది, షాపు అద్దె పెరిగితే ఏం మారుతుంది?" అని రెండు నిమిషాలు అడగండి, అక్కడే తేలిపోతుంది.

ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాళ్లకు తెలియకుండానే నాలుగు మార్కులు ఎక్కువ పడతాయి (నేనూ వేశాను), విషయానికీ మాటతీరుకూ వేర్వేరు గడులు పెట్టుకోండి.

పాత కేస్ స్టడీ (ఒక కంపెనీ సమస్య ఇచ్చి పరిష్కరించమనే ప్రశ్న) వద్దు, జవాబు నెట్‌లో ఉంటుంది.

ఏఏసీఎస్‌బీ (బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపున్న చోట సబ్జెక్టు గ్రేడు ఒక్కటే చూపిస్తే సరిపోదు, అనుకున్నది పిల్లలకు వచ్చిందా, రాకపోతే బోధనలో ఏం మార్చారు అని కూడా అడుగుతారు.

ఇద్దరు టీచర్లు అవే నాలుగు పేపర్లు విడివిడిగా దిద్ది, తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడుకున్నాకే మిగతా కట్ట విప్పండి.