పొట్ట కొవ్వు తగ్గాలంటే వంటింట్లో నూనెలు, గింజలు ఎలా వాడుకోవాలి

పొట్ట తగ్గించుకోవాలని నిశ్చయించుకున్నవారిలో చాలామంది మొట్టమొదట నూనె, నెయ్యి, పల్లీలు అన్నీ ఒక్కసారిగా మానేస్తారు. కూరలో రుచి పోవడంతో పచ్చడి మెతుకులతోనో చారుతోనో అన్నం ఎక్కువగా తింటారు, సాయంత్రానికి ఆకలేసి టీతోపాటు బిస్కెట్లు తీసుకుంటారు. పొట్టను కరిగించే నూనె గానీ గింజ గానీ ఏదీ లేదు. అయితే హానిచేసే కొవ్వుకు బదులుగా, అన్నంలోనూ చిరుతిండిలోనూ కొంత భాగానికి బదులుగా, మేలైన కొవ్వును కొలిచి తీసుకుంటే నడుము చుట్టుకొలత తగ్గడానికి అది తోడ్పడుతుంది. ఈ పద్ధతి మొత్తం ‘బదులుగా’ అన్న నియమం మీదే ఆధారపడి ఉంది. ఉన్న తిండికి అదనంగా చేర్చుకుంటే ఎంత మంచి నూనె అయినా గ్రాముకు 9 కిలోక్యాలరీల చొప్పున ఒంట్లో చేరుతుంది.

పొట్ట దగ్గర చర్మం కింద చేతికి దొరికే కొవ్వు ఒకటి, లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు మరొకటి. మధుమేహానికి, గుండె జబ్బులకు ఎక్కువగా దారితీసేది లోపలిదే. దానిపై కొవ్వు రకం చూపే ప్రభావాన్ని స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగం స్పష్టంగా చూపింది. సాధారణ బరువున్న 39 మంది యువతీయువకులకు 7 వారాలపాటు అదనపు క్యాలరీలున్న మఫిన్లు ఇచ్చారు. కొందరికి పామాయిల్‌తో, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. రెండు జట్లూ దాదాపు సమానంగానే బరువు పెరిగాయి, కానీ కాలేయంలోనూ పొట్ట లోపలా కొవ్వు ఎక్కువగా పేరుకున్నది పామాయిల్ తిన్నవారిలో. స్పెయిన్‌లో ఏడువేల మందికి పైగా పాల్గొన్న మరో పెద్ద అధ్యయనంలో ఆలివ్ నూనె గానీ, రోజుకు 30 గ్రాముల వాల్‌నట్, బాదం, హేజెల్‌నట్ గానీ తీసుకున్నవారి నడుము, తిండిలో కొవ్వు తగ్గించుకోమని మాత్రమే సలహా పొందినవారితో పోలిస్తే తక్కువగా పెరిగింది. తేడా చిన్నదే, అద్భుతాలు ఆశించకూడదు.

మొదట నడుము కొలుచుకోండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత, టేపు చర్మాన్ని నొక్కకుండా పట్టుకుని కొలవాలి. దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు చేరితే జాగ్రత్త పడవలసిందే.

తర్వాత ఇంట్లో నెలకు ఎంత నూనె ఖర్చవుతోందో చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కిలోక్యాలరీలు తీసుకునే పెద్దవారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాముల వరకు సూచించింది. లీటరు ప్యాకెట్‌లో ఉండేది సుమారు 910 గ్రాములు కాబట్టి, నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర ప్యాకెట్లు చాలు. అంతకు మించుతుంటే, ఏ నూనె మంచిదన్న చర్చ కన్నా ముందు తగ్గించడం అవసరం. మూకుట్లోకి డబ్బాతో వంచడం మానేసి, చెంచాతో పోయడం అలవాటు చేసుకోండి.

ఎక్కువ నూనె పోయేది వేపుళ్లలోనే. దొండకాయలనే తీసుకుందాం: పచ్చి ముక్కలను నేరుగా నూనెలో వేస్తే అవి మగ్గేదాకా అడుగంటకుండా మళ్లీ మళ్లీ పోయవలసి వస్తుంది. సన్నగా తరిగి, ఉప్పు వేసి, నాలుగు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి చిన్న మంట మీద ముందు మగ్గనివ్వండి. నీరంతా ఇగిరాక ముక్కలను ఒక పక్కకు జరిపి, ఖాళీ చోట మూడు చిన్న చెంచాల నూనెతో పోపు వేసి, మూత తీసి వేయించండి. నూనె ముక్క లోపలికి పోకుండా పైనే ఉండి రంగు తెస్తుంది కాబట్టి రుచి తగ్గదు.

నూనె ఎంపికలో దూరదేశపు సీసాల కోసం డబ్బు ఖర్చు చేయనక్కర్లేదు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో అసంతృప్త కొవ్వులే, అంటే మేలైన రకమే అధికం. వీటిలో రెండింటిని మార్చి మార్చి వాడుకుంటే సరిపోతుంది. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో అంతకన్నా ఎక్కువ, కొబ్బరినూనెలో చాలా భాగం సంతృప్త కొవ్వే, అంటే హానిచేసే రకమే. ముద్దపప్పులోకి చిన్న చెంచా నెయ్యి వేసుకోవచ్చు, దాన్ని ఆ రోజు లెక్కలో చేర్చాలి. బజారులో కొన్న చేగోడీలు, మిక్స్చర్, బిస్కెట్లలో ఎక్కువగా ఉండేది పామాయిలే కనుక, ఇంట్లో నూనె మార్చి వాటిని మాత్రం అలాగే తింటుంటే ప్రయోజనం ఉండదు.

వాటి స్థానంలోకి గింజలు రావాలి. గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాముల పల్లీలలో 170 కిలోక్యాలరీల దాకా ఉంటాయి. వాటిలోని మాంసకృత్తులు, పీచు, కొవ్వు కలిసి ఆకలిని చాలాసేపు ఆపుతాయి. డబ్బా ముందు పెట్టుకుని తింటే గుప్పెడు నాలుగవుతుంది, అందుకే చిన్న గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత పెట్టేయాలి. అవిసె గింజలు ఒమేగా-3 అనే మేలైన కొవ్వుకు మంచి ఆధారం; నమలకుండా మింగితే చాలావరకు అరగకుండానే పోతాయి కాబట్టి దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండుతో పొడి కొట్టుకోండి. ఆ పొడి త్వరగా పాడై చెడువాసన వేస్తుంది, వారానికి సరిపడా మాత్రమే చేసుకోవడం మేలు. చేపలు తినేవారు కవళ్లు, కానాగంతల వంటి నూనె చేపలను వారానికి రెండుసార్లు, వేపుడుగా కాక పులుసుగా వండుకోవాలి.

పళ్లెంలో గింజల పొడి, పల్లీ పచ్చడి చేరిన పూట అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు పెంచండి. నడకతోపాటు కండరాలకు పని చెప్పే వ్యాయామం కూడా ఉంటే ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది. నడుమును నెలకోసారి, ఉదయం పరగడుపున కొలిస్తే చాలు. రోజూ కొలిస్తే కనిపించే హెచ్చుతగ్గులు నిరుత్సాహపరుస్తాయి. పిత్తాశయంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు బాగా ఎక్కువగా ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు ఈ మార్పులకు ముందు తమ వైద్యుణ్ని తప్పక అడగాలి.