పెద్ద ప్లయర్ కొనేముందు పైపు ముక్క పట్టుకెళ్లండి

బెంగళూరు పీణ్యాలో హైడ్రాలిక్ ప్రెస్సులు, పంపుల మరమ్మతు నా పని. పనిముట్లు దొరికే ఎస్‌జేపీ రోడ్డుకి, గాడి మార్చి నోరు పెద్దది చిన్నది చేసుకునే పైపు ప్లయర్ కోసం వెళ్లే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే: మీరు తిప్పే పైపు ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్లండి. మూడించుల స్టీలు పైపంటే బయటి కొలత 88.9 మిల్లీమీటర్లు, నాలుగించులదైతే 114.3. ప్లయర్ మీద రాసిన పొడవు చూసి మోసపోవద్దు, నోరెంత తెరుచుకుంటుందో చూడాలి. నైపెక్స్ కంపెనీ కోబ్రా ప్లయర్లలో 400 మిల్లీమీటర్ల పొడవుది మూడించుల పైపుని పడుతుంది, నాలుగించులకైతే 560ది కావాలి.

ముక్కని పట్టించి హ్యాండిళ్లు చూడండి. మరీ విచ్చుకుంటే బలం పెట్టలేం, పూర్తిగా కలిసిపోతే వేళ్లు నలుగుతాయి. నాకోసారి చవక ప్లయర్ గాడి జారి చిటికెన వేలి గోరు ఊడింది. అప్పట్నుంచి కీలు దగ్గరే ఎక్కువసేపు చూస్తాను. ఒక కాడ రెండోదాని మధ్యలోంచి దూరే రకమైతే పక్కకి మెలిపడదు. గాడిలో పెట్టి రెండు దవడల్నీ అటూఇటూ ఊపండి, లొడలొడమంటే వెనక్కిచ్చేయండి.

పళ్లు కింది దవడలో ఒకవైపు, పై దవడలో ఎదురువైపు వాలి ఉండాలి. అప్పుడు లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది, తిరగేసి పట్టుకుంటే మాత్రం జారుతుంది. ఇత్తడి నట్లకి ఇది పెట్టకండి, పానా వాడండి. హ్యాండిల్‌కి పైపు తొడిగి లాగడం అసలొద్దు.