ఎంసెట్ లెక్కలకు ఎలా సిద్ధం కావాలి?

పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇప్పటికీ అది ఎంసెట్టే. మొత్తం 160 బిట్లు, 180 నిమిషాలు. అందులో సగం, అంటే 80 బిట్లు లెక్కలవే. ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 40. ఇంటర్‌లో దండిగా మార్కులు తెచ్చుకున్నవారు కూడా ఇక్కడ తడబడుతుంటారు. చాలాసార్లు కారణం లెక్క రాకపోవడం కాదు, పెద్ద ప్రశ్న రాసే పద్ధతిలోనే బిట్టునూ చేయబోవడం. పబ్లిక్ పరీక్షలో స్టెప్పులకు మార్కులుంటాయి. ఇక్కడ జవాబుకే మార్కు, అదీ ఒక్కటే.

ముందు సమయం పంచుకోండి. కెమిస్ట్రీకి 30 నిమిషాలు, ఫిజిక్స్‌కు 40 సరిపెట్టుకోగలిగితే లెక్కలకు 110 మిగులుతాయి. అంటే బిట్టుకు 80 సెకన్ల పైచిలుకు. ఇంట్లో సాధన కూడా గడియారం పెట్టుకునే చేయాలి.

తర్వాత, ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం నేర్చుకోండి. ఉదాహరణకు: కాస్⁴ తీటా నుంచి సైన్⁴ తీటా తీసివేస్తే ఎంత? ఆప్షన్లు: కాస్ 2తీటా, సైన్ 2తీటా, 1, 0. తీటాకు 30 డిగ్రీలు వేయండి. 9/16 నుంచి 1/16 పోతే 1/2. కాస్ 60 కూడా 1/2, మిగతా మూడూ కావు. అయిపోయింది. అదే సులువు కదా అని 45 వేస్తే విలువ 0 వస్తుంది. అప్పుడు కాస్ 2తీటా, 0 రెండూ సరిపోతాయి. సున్నా డిగ్రీలు వేసినా అదే చిక్కు, ఈసారి 1తో. ఈ బిట్టు సూత్రంతోనూ రెండు లైన్లలో వస్తుంది, నిజమే. బారెడు సమీకరణం ఎదురైనప్పుడు ఈ కిటుకు విలువ తెలుస్తుంది.

మూడోది తప్పుల నోటుపుస్తకం. తప్పుపోయిన ప్రతి బిట్టు పక్కన కారణం రాయండి: రాలేదా, తొందరపడ్డారా, ప్రశ్నే సరిగా చదవలేదా? ‘సిల్లీ మిస్టేక్’ అని రాసి వదిలేయకండి. మైనస్ గుర్తు ఏ లైనులో జారిందో రాయండి. కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి కూడికలు, భిన్నాలు చేత్తోనే చేస్తూ ఉండండి.

ఆఖరి నెలలో మాక్ టెస్టులు కంప్యూటర్ మీదే రాయండి. తెర మీది ప్రశ్న చూసి చిత్తుకాగితం మీద చేసేటప్పుడు అంకెలు తారుమారవుతాయి. పుస్తకం ముందు కూర్చుని చేసేవారికి ఈ ఇబ్బంది తెలియదు.

పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్ కూడా రాసేవారు అనుమానం ఉన్న బిట్టును వదిలేసే అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి. చివరి అయిదు నిమిషాలు మిగిలిన బిట్లన్నింటికీ ఏదో ఒకటి గుర్తించడానికి ఉంచుకోండి. ఆప్షన్ ఎంచుకుని ఊరుకోకుండా ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కండి.