ఎడారిలో సూర్యాస్తమయం ఫొటోలకు వెళ్తున్నారా? ముందు తిరుగుదారి చూసుకోండి

ఎడారికి సాయంత్రం ఫొటోలు తీయడానికి వెళ్లేవాళ్లు ఎండ గురించి, కెమెరా గురించి బాగానే ఆలోచిస్తారు. చాలామంది పట్టించుకోనిది తిరుగు ప్రయాణం. సూర్యుడు కిందికి దిగిపోగానే ఫొటోలు అయిపోవు. అసలు రంగులు చాలాసార్లు ఆ తర్వాత పది, ఇరవై నిమిషాలకు వస్తాయి. పైన పల్చటి మబ్బులుంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ వెలుగు కోసం ఆగితే వెనక్కి నడిచేది చీకట్లోనే. అందుకే జాగ్రత్తలన్నీ ఆ చివరి గంటను దృష్టిలో పెట్టుకుని తీసుకోవాలి.

భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. అస్తమించాక 20-25 నిమిషాలకే దారి కనిపించే వెలుతురు పోతుంది. దూరం వెళ్లేకొద్దీ సంధ్యవెలుగు ఇంకాస్త నిలుస్తుంది. ఎంత సమయం మిగిలిందో చేత్తోనే అంచనా కట్టొచ్చు: చేయి చాచి, అరచేతిని అడ్డంగా పట్టి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. వేలికి సుమారు పావుగంట.

కనీసం గంటన్నర ముందే అక్కడికి చేరండి. నడుస్తూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ వైపే. ఇసుకలో మీ అడుగుల జాడను నమ్ముకోవద్దు, కాస్త గాలి వీస్తే చెరిగిపోతుంది. కారు ఉన్న చోటును ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వెలుతురుకు విడిగా హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఫోన్ టార్చ్ వేసుకుని నడిస్తే మ్యాప్ చూపించాల్సిన ఫోనే చార్జింగ్ అయిపోయి ఆగిపోతుంది.

గేట్ల టైం కూడా కనుక్కోండి. నమీబియాలో సోసుస్‌వ్లే దిబ్బలకు వెళ్లే సెస్రియెమ్ గేటును పార్కు బయట బస చేసేవాళ్లకు సూర్యాస్తమయానికే మూసేస్తారు. అక్కడి నుంచి దిబ్బలు 60 కిలోమీటర్లకు పైగా దూరం. లోపల బస దొరక్కపోతే అక్కడ సాయంత్రం ఫొటోల ఆలోచన మానుకుని ఉదయం వెళ్లడమే మంచిది.

ఇక కెమెరాకు అసలు శత్రువు ఇసుక. ఏ లెన్స్ వాడాలో కారులో ఉండగానే తేల్చుకుని బిగించేయండి, దిబ్బ మీద మార్చొద్దు. లెన్స్ మీద ఇసుక పడితే గుడ్డతో తుడవాలనిపిస్తుంది. ఆగండి. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ మామూలు గాజు కంటే గట్టిది, గుడ్డ కింద ఒక్క రేణువున్నా గీత పడుతుంది. లెన్స్‌ను కిందికి వంచి బ్లోయర్‌తో (నొక్కితే గాలి వచ్చే రబ్బరు బుడ్డి) ఊదాకే తుడవాలి. జూమ్ రింగ్ తిప్పుతుంటే కరకరమంటే అక్కడితో ఆపేయండి, బలవంతంగా తిప్పితే రేణువులు ఇంకా లోపలికి పోతాయి. గాలికి లేచే ఇసుక చాలావరకు మోకాలి ఎత్తులోపే పరిగెడుతుంది. అందుకే ట్రైపాడ్‌ను బాగా కిందికి దించి తీసే ఫొటోలను గాలి తగ్గాక పెట్టుకోండి. ట్రైపాడ్ కాళ్లలో అడుగు భాగాన్ని కొంచెం బయటికి లాగి నిలబెడితే ఆ భాగాన్ని పట్టి ఉంచే బిగింపు ఇసుకలో కూరుకుపోకుండా పైన ఉంటుంది. చిన్న విషయమే కానీ, ట్రైపాడ్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే.

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వ్యూఫైండర్‌లోంచి, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలోంచి, ముఖ్యంగా దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్‌తో, సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు. కంటికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. స్క్రీన్ మీద చూసి ఫ్రేమ్ పెట్టుకోండి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాను సూర్యుడి వైపు పెట్టి వదిలేస్తే సెన్సర్‌కో, షట్టర్‌కో వేడి తగులుతుంది. ఫొటో తీయనంతసేపూ మూత పెట్టేయండి.

పొడి గాలి, మబ్బుల్లేని ఆకాశం వల్ల నేల వేడంతా పొద్దుగూకగానే త్వరగా పైకి పోతుంది. మధ్యాహ్నం మాడిపోయిన చోటే రాత్రికి వణుకు పుడుతుంది. బ్యాగులో జాకెట్ ఉండాలి, అదనపు బ్యాటరీ చలి తగలకుండా లోపలి జేబులో ఉండాలి. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండండి. తిరుగుదారికి సగం నీళ్లు మిగలాలి.

చల్లబడగానే తేళ్లు, పాములు బయటికొస్తాయి. కాలంతా కప్పే బూట్లు వేసుకోండి, కింద పెట్టిన బ్యాగు జిప్పు మూసే ఉంచండి. అతినీలలోహిత టార్చ్ వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, కూర్చునే ముందు ఒకసారి అలా చూసుకోవచ్చు.

ఎండిన వాగులో, ఇరుకు లోయలో నిలబడేవాళ్లు పైప్రాంతాల వాతావరణం కూడా చూడాలి. 1997 ఆగస్టు 12న అమెరికాలోని యాంటిలోప్ కాన్యన్‌లో వరద వచ్చి 11 మంది చనిపోయారు. వాన పడింది వాళ్లున్నచోట కాదు, ఎన్నో మైళ్ల దూరంలో. కారును కూడా వాగులో ఆపొద్దు.

దారిలో దుమ్ము గోడలా లేస్తే రోడ్డు దిగి బాగా పక్కకు ఆగి, లైట్లన్నీ ఆపేయండి. లైట్లు వెలుగుతుంటే వెనకొచ్చే బండి అదే దారనుకుని మీదికొస్తుంది. కారు ఇసుకలో దిగబడితే దాన్ని వదిలి నడిచి వెళ్లకండి. వెతికేవాళ్లకు మనిషి కంటే కారే ముందు కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లోవాళ్లకు గానీ, బస చేసిన చోట గానీ చెప్పండి. ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసిచ్చి బయల్దేరండి.